ఊదితే బాగైనట్టేనా?

మొన్నామధ్య ఇక్కడ అమెరికాలో మా ఆఫీసాయన ఒకడు, అటక మీద దొరికిందంటూ పాత నింటెండో తెచ్చి నా చేతిలో పెట్టాడు. 1985లో ఇక్కడ అమ్మకానికొచ్చిన ఎన్ఈఎస్. ముందు మూత తెరిచి క్యాసెట్టు లోపలికి తోసి, కిందికి నొక్కాలి. ఆన్ చేస్తే ఎర్ర లైటు సెకనుకోసారి ఆరి వెలుగుతోంది. టీవీ తెరా అంతే.

నేనూ అందరూ చేసేదే చేశాను. క్యాసెట్టు తీసి ఊదాను! నాలుగోసారికి గేమొచ్చింది. "నాన్నా, బాగైపోయింది" అని మావాడు గంతులేశాడు. మర్నాడు మళ్ళీ అదే మిణుకు.

అసలు సంగతేంటంటే, ఆ పెట్టెలో ఒక లాకౌట్ చిప్పు, క్యాసెట్టులో దాని జోడీ ఉంటాయి. ఆట నడిచినంతసేపూ రెండూ మాట్లాడుకుంటూనే ఉండాలి. మాట కలవకపోతే పెట్టె చిప్పు మిషన్ని రీసెట్ చేస్తూ పోతుంది. ఆ మిణుకు అదే. లైటు నిలకడగా ఉండి బొమ్మ చెదిరితే చిప్పులు కలిసినట్టే, మిగతా పిన్నుల్లో చూసుకోవాలి. లైటే లాగ్ ఫైలన్నమాట! ఊదడం వల్ల ఒరిగేదేం లేదు. తీసి పెట్టడంలో పిన్నులు రాసుకుని ఎప్పుడో ఒకప్పుడు కలుస్తాయి. ఊపిరిలోని తడి మాత్రం లోహాన్ని తినేస్తుంది.

మనం ఆఫీసులో చేసేదీ ఇదే కదండీ? సర్వీసు రీస్టార్ట్ చేసి, "రిజాల్వ్డ్" అని రాసి టికెట్ మూసేస్తాం. కారణం తెలియకుండా మూసిన టికెట్ నా లెక్కలో మూసినట్టు కాదు. నేను మూసినవీ బోలెడున్నాయి లెండి.

పెట్టె విప్పి 72 పిన్నుల కనెక్టరు బయటికి తీశాను. నీళ్ళలో మరగబెట్టి, బాగా ఆరనిచ్చాను. క్యాసెట్ల అంచులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే దూది నల్లబడింది. రెండు వారాలైంది, ఇంతవరకూ మిణుకు లేదు.

లాకౌట్ చిప్పు నాలుగో పిన్ను ఎత్తి గ్రౌండుకి కలిపితే ఈ రీసెట్ల గోల శాశ్వతంగా పోతుంది. అనుమతి లేని క్యాసెట్లని ఆపడానికి పెట్టిన కాపలా అది. 1993లో వచ్చిన పైనుంచి పెట్టే మోడల్లో వాళ్ళే తీసేశారు. ఇంకా దేనికది? కోసెయ్యాలనే నా అభిప్రాయం. కానీ పెట్టె నాది కాదుగా, ఆయన్నడిగాను.

"మా అమ్మ కొనిచ్చింది, ఏదీ కొయ్యకు" అన్నాడు.

సరేనని స్క్రూలు బిగించి ఇచ్చేశాను.