బతుకును వాయిదా వేయొద్దు

మన నారాయణపేట ప్రాంతంలో ఏ ఊరికి పోయినా ఒక మాట వినబడుతున్నది. ‘గది అయినంక చూద్దాం.’ నీళ్లొచ్చినంక చూద్దాం, నోటిఫికేషన్ పడినంక చూద్దాం, సర్కారు మారినంక చూద్దాం. పెండ్లి, ఇల్లు, పిల్లల చదువు, రోగానికి వైద్యం అన్నీ ఈ ‘అయినంక’ కిందనే నలిగిపోతున్నయి. పాలమూరు బతుకంతా కోర్టు కేసు లెక్క వాయిదాల మీద నడవాల్నా? విద్యార్థులు, ఉద్యోగులు, రైతులు, కూలీలు అందరం కలిసి ఆలోచించాల్సిన ప్రశ్న ఇది.

నీళ్ల సంగతే చూడండి. కృష్ణమ్మ తెలంగాణ గడ్డ మీద మొదటి అడుగు పెట్టేది మన తంగిడి దగ్గరనే. భీమ వచ్చి కృష్ణలో కలిసేదీ అక్కడే. నది గడపలో ఉన్నది, పొలం మాత్రం మొగులు దిక్కు చూస్తున్నది. నారాయణపేట-కొడంగల్ ఎత్తిపోతలకు జీవో 69 వచ్చింది 2014 మే 23న. కోస్గిలో శంకుస్థాపన జరిగింది 2024 ఫిబ్రవరి 21న. జీవో వచ్చిన ఏడాది ఒకటో తరగతిలో చేరిన పిల్ల శంకుస్థాపన నాటికి పదో తరగతికి వచ్చింది. ఈ నడుమ రాష్ట్రం వచ్చింది, 2019లో జిల్లా కూడా వచ్చింది. బోర్డులు మారినయి. మూటలు కట్టుకొని ముంబై, పుణె, బెంగళూరు పోవుడు మాత్రం ఆగలేదు.

అనిశ్చితి అనే మాట ఈ మధ్య పత్రికలలో బాగా కనబడుతున్నది. పాలమూరు లేబర్‌కు అది తాతల నాటి చుట్టం. దేశంలో ఎన్నో ఆనకట్టలకు మన్ను మోసింది ఈ చేతులే. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు చేతిల పడంగనే రాబోయే నెలల బతుకు తాకట్టు పడేది. వలస కూలీల కోసం 1979లో చట్టం చేశారు. కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలె, రాకపోకల ఖర్చు ఇయ్యాలె అని అందులో రాశారు. ఆ కాగితం కూలీ గుడిసె దాకా రాలేదు. 2020లో దాన్ని కొత్త కార్మిక కోడ్‌లో కలిపేశారు. అదే ఏడాది లాక్‌డౌన్‌లో ఎవరు నడిచి వచ్చారో, ఎవరిని సరిహద్దుల దగ్గర నిలబెట్టారో మనం కండ్లారా చూసినం.

ఇప్పుడు అదే అనిశ్చితి చదువుకున్నోళ్ల గడప కూడా తొక్కింది. 2022లో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబర్‌లో ప్రిలిమ్స్ పెట్టారు. పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ పెట్టారు. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024లో మళ్లీ కొత్త నోటిఫికేషన్. నియామకాల కోసం కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంలో ఒక తరం యవ్వనం కోచింగ్ సెంటర్ మెట్ల మీద కరిగిపోయింది.

ఉద్యోగం ఉన్నోళ్లయినా నిమ్మళంగా ఉన్నరా? 2004 సెప్టెంబర్ 1 తర్వాత సర్వీసులో చేరినోళ్లకు పాత పింఛను లేదు. 2019లో ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేస్తే, దాదాపు 48 వేల మంది తమంతట తామే ఉద్యోగాలు వదులుకున్నట్టేనని సర్కారు అన్నది. ఒక్క మాటతో పర్మినెంటు ఉద్యోగం కూడా గాలిలో దీపమైంది. ఇక కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ అన్నల సంగతి చెప్పనక్కర లేదు.

దీనికి పెద్దలు చెప్పే మందు ఒక్కటే. ధైర్యంగా ఉండు, నైపుణ్యం పెంచుకో, నీ కాళ్ల మీద నువ్వు నిలబడు. మాట మంచిదే. కాని నిలబడే నేలనే కదులుతున్నప్పుడు ఒక్కని కాళ్ల బలం ఎంతసేపు ఆగుతది? అందరి మీద పడ్డ కష్టాన్ని ఒక్కొక్కని తలరాతగా మార్చే తెలివి ఇందులో ఉన్నది.

మనకు ఇంకో పాఠం తెలుసు. 2011 సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. జీతం లేదు, రేపేమైతదో తెల్వదు. అయినా రోడ్ల మీద వంటావార్పు పెట్టుకున్నం. విద్యార్థులుగా మేము బంతిల కూర్చుంటే పక్కన పంతులు, ఎదురుగ డ్రైవరు, వడ్డించేది అంగన్‌వాడీ అక్క. ఎవరి బియ్యమో, ఎవరి కట్టెలో అడిగినోళ్లు లేరు. ఆ రోజుల్లో రేపటికి భరోసా లేకున్నా ఎవరూ ఒంటరి కాలేదు. మంచిగ బతుకుడు అంటే ఏమిటో ఆ బంతి చూపింది. రాష్ట్రం వచ్చినంక బంతి లేచింది, ఎవరి కంచం వారు పట్టుకొని పోయినం.

మన మగ్గం చెప్పేది కూడా అదే. నారాయణపేట చీరె ఒక్కని చేతిలో పుట్టదు. ఒకరు నేస్తుంటే ఇంకొకరు కండెలు చుట్టాలె, మరొకరు రంగులద్దాలె. దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది గాని, అదే పేరుతో మరమగ్గం చీరెలు పట్నం దుకాణాలలో అమ్ముడుపోతున్నయి. కొన్ని రకాల బట్టలు చేతిమగ్గానికే ఉండాలని 1985లో చేసిన చట్టం కాగితం మీద నిద్రపోతున్నది. నౌకరీ అంటే సర్కారు నౌకరీ ఒక్కటే అనుకునే మనం, మన ఊరి పనికి మర్యాద ఎప్పుడిస్తం?

అందుకని చేయాల్సినవి చిన్నవే అయినా ఈ రోజే మొదలుపెట్టాలె. వలస పోయే కూలీల పేర్లు, మేస్త్రీ పేరు, ఒప్పుకున్న కూలి పంచాయతీలో రాయించాలె. ఆ పని చదువుకున్న పిల్లలు చేయగలరు. పర్మినెంటు ఉద్యోగుల సంఘాలు ఔట్‌సోర్సింగ్ వాళ్ల జీతాల మాట కూడా తమ డిమాండ్లలో పెట్టాలె. నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే తమ్ముడు చదువుతూనే ఊర్లో ఒక పనిలో చెయ్యి పెట్టాలె, అందులో నామోషీ లేదు. పండుగకు చీరె కొంటే మన సహకార సంఘంలో కొనాలె. ఓటుకొచ్చే నాయకుణ్ణి ‘చేస్తవా?’ అని కాదు, ‘ఏ తారీఖు లోపల?’ అని అడగాలె.

కాలువలో నీళ్లు ఎప్పుడొస్తయో మన చేతిల లేకపోవచ్చు. వచ్చేదాకా ఎట్ల బతకాలె, ఎవరితోని కలిసి బతకాలె అన్నది మాత్రం మన చేతిలనే ఉన్నది. లేచిపోయిన బంతిని మళ్లీ కూర్చోబెడదాం.