కువైట్‌కో లెక్క, ఉక్రెయిన్‌కో లెక్కా?

"యుద్ధం చేసినవాడి పాపం పండుతుంది, పైవాడు చూసుకుంటాడు" అనడం మనవాళ్ళకి అలవాటు. పైవాడు ఇంతవరకు ఏ బాధితుడికీ చెక్కు రాయలేదు. రాయించింది మనుషులే. నమ్మకపోతే కడప, గోదావరి జిల్లాల్లో పాత కువైట్ కార్మికుల్ని అడగండి.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ని ఆక్రమించింది. సుమారు 1,70,000 మంది భారతీయుల్ని విమానాల్లో ఇళ్ళకి చేర్చారు. వాళ్ళలో ఇంటిపని చేసే తెలుగు ఆడవాళ్ళు, డ్రైవర్లు, కూలీలు ఉన్నారు. జీతం బాకీ, సామాను అక్కడే పోయాయి.

1991లో భద్రతా మండలి ఆ నష్టానికి ఇరాక్‌దే బాధ్యత అని తేల్చి పరిహార కమిషన్ పెట్టింది. ఇరాక్ చమురు ఆదాయంలో 30 శాతం వరకు దానికి కేటాయించారు. విదేశాల్లో స్తంభింపజేసిన ఇరాక్ చమురు సొమ్మునీ 1992లో 778వ తీర్మానంతో కదిలించారు.

రక్షణ శాఖ పద్దుల్లో నేను నేర్చిన మొదటి పాఠం: వోచరు లేనిదే చెల్లింపు లేదు. ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయేవాడి దగ్గర వోచరు ఉండదని ఆ కమిషన్ గుర్తించింది. ఆ రోజుల్లో అక్కణ్ణించి వచ్చేసినట్టు రుజువుంటే చాలు, ఒక్కరికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000. చిన్నవాళ్ళకే ముందు చెల్లింపు. 2022 జనవరిలో చివరి వాయిదాతో మొత్తం 5,240 కోట్ల డాలర్లు ముట్టాయి.

ఇక ఉక్రెయిన్ సంగతి. 2022 నుంచి యూరప్‌లో సుమారు 21,000 కోట్ల యూరోల రష్యా ప్రభుత్వ సొమ్ము స్తంభించి ఉంది. పరిహారం రష్యాయే కట్టాలన్న తీర్మానం 2022 నవంబరు 14న ఐరాస సర్వసభ్య సభలో 94–14 ఓట్లతో నెగ్గింది. 73 దేశాలు తటస్థం. అందులో మనమూ ఉన్నాం! 2025 డిసెంబరులో క్లెయిముల కమిషన్ కోసం హేగ్‌లో సంతకాలయ్యాయి. అదే నెలలో యూరప్ నాయకులు ఆ సొమ్ము ముట్టుకోలేక 9,000 కోట్ల యూరోలు అప్పు చేయడానికి సిద్ధపడ్డారు. అంటే బాధితుల పట్టీ ఒకచోట, డబ్బు ఇంకోచోట.

"ఇరాక్ విషయంలో భద్రతా మండలి ఆదేశం ఉంది, ఇప్పుడు లేదు" అంటారు. ఎలా ఉంటుంది? వీటో ముద్దాయి చేతిలోనే ఉంది. ముద్దాయి సంతకం లేనిదే తీర్పు చెల్లదనడం ఏ న్యాయం?

"2003లో ఇరాక్ మీద పడ్డ అమెరికా ఏం కట్టింది?" అని మరో ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. కట్టాల్సిందే. కానీ ఒకడు బాకీ ఎగ్గొట్టాడని ఇంకొకడి బాకీ కొట్టేస్తామా?

"సామాన్య రష్యన్ల నోటి ముద్ద లాగుతారా?" అని ఇంకొకటి. ఆనాడు సొంత ఆంక్షల కింద నలుగుతున్న ఇరాకీల చమురులోంచి కోసిన వాటాకి ఈ మాట తగులుతుంది. నాలుగేళ్ళుగా ఎవరూ వాడని నిల్వకి తగలదు.

ఏ ఒక్క దేశమో తన ఇష్టప్రకారం పంచిపెట్టకూడదు, నిజమే. నమోదు, పరిశీలన, పరిమితి, ఆడిట్, అన్నీ ఉండాలి. కువైట్ నుంచి వచ్చినవాళ్ళ కోసం ఆ పద్ధతిలో క్లెయిములు వేసి డబ్బు తీసుకున్న దేశం, ఇంకొకరి వంతు వచ్చేసరికి చేతులు కట్టుకు కూర్చోవడం తటస్థత కాదు. చేతికందిన రసీదుని దాచెయ్యడం.

— మురుంగపాక్కం, పుదుచ్చేరి