ఒకే గుండిగలో గుప్పెడు బియ్యం



వరి కోతలు అయి, నూర్పిళ్ళు ముగిశాయంటే మన పల్లె సంఘాలలో ధ్యాన కూటముల కాలం వచ్చినట్టే. షామియానాలు, చాపలు, వంటకు కట్టెలు సమకూర్చుకోవడంలో పెద్దలు తలమునకలుగా ఉంటారు. ప్రసంగీకుల కోసం నెల ముందే ఉత్తరాలు, ఫోన్లు నడుస్తాయి. కృతజ్ఞతా కూటము గురించి మాత్రం ఎవరూ ముందుగా ఆలోచించరు. మైకు చేతికిస్తే జనమే చెబుతారులే అనుకుంటాము. మేమూ ఏళ్ళ తరబడి అలాగే అనుకున్నాము. అది ఎంత పొరపాటో ఒక చెల్లెలి వలన నేర్చుకున్నాము.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మేము సేవ చేస్తున్న పల్లెలు ఆ దారిలోనివే. కోసిన వరి ఇంకా పనల మీదే ఉంది. నీరు దిగేసరికి కంకులు మొలకెత్తాయి. సొంత పొలమున్నవారు ఎలాగో నిలదొక్కుకున్నారు. కౌలుకు చేసినవారికి మాత్రం పంట పోయింది, కౌలు బస్తాలు కొలుస్తామని ఇచ్చిన మాట మిగిలింది.

2024 జనవరిలో, ఊరి బడి ఆవరణలో, మూడు రోజుల ధ్యాన కూటములు పెట్టుకున్నాము. పిల్లా పెద్దా కలిసి సుమారు 120 మంది వచ్చారు. మొదటి రోజు ఉదయం మేము లూకా 17వ అధ్యాయములోని పదిమంది కుష్ఠరోగుల మీద ప్రసంగించాము. తిరిగి రాని ఆ తొమ్మండుగురిని, బోధకులందరి అలవాటు ప్రకారం, గట్టిగానే తిట్టాము. ఆ సాయంత్రం మైకు చేతులు మారడం మొదలైంది. ఒక సహోదరుడు తన కుమారునికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చిందన్నాడు. మరొకరు డాబా పూర్తయిందన్నారు. ఇంకొక తల్లి తన కూతురి వీసా సంగతి చెప్పింది. అన్నీ నిజమైన మేలులే, వారి సంతోషమూ నిజమైనదే. జనం చప్పట్లు కొట్టారు. మైకు ఒక కౌలు రైతు భార్య చేతికి వచ్చింది. ఆమె దానిని ఒక్క క్షణం పట్టుకొని, చాప మీద పెట్టి, చంటిబిడ్డను ఎత్తుకొని లేచి వెళ్ళిపోయింది. మేము పాట ఎత్తుకున్నాము. ఏం చేయాలో తోచనప్పుడు మేము చేసే పని అదే!

మా శ్రీమతి ఆమె వెనుకే చేతిపంపు దగ్గరకు వెళ్ళింది. ఆమె ఏడవడం లేదట. "అమ్మగారూ, రానిదానికి వందనాలు చెబితే అబద్ధమాడినట్టు కాదా? మనుషుల దగ్గరైతే ఆడేదాన్నేమో. దేవుడి దగ్గర ఎట్టా ఆడను?" అందట.

ఆ మాట విన్న తరువాత మాకు నిద్ర పట్టలేదు. హబక్కూకు ప్రవక్త 3వ అధ్యాయము చదివి ఆమెను ఓదార్చుదామన్న తలంపు మొదట వచ్చింది. చేలు పంట ఇయ్యకపోయినా సంతోషిస్తానని ప్రవక్త అక్కడ చెప్పాడు గదా. కాని ఆయన తన మీదికి వస్తున్న కష్టం గురించి ఆ మాట అన్నాడు. పొరుగువాని చేను చూపించి అనలేదు. బైబిలు మూసి, మరల తెరిచి 107వ కీర్తనకు వచ్చాము. ఎన్నిసార్లు చదివిన కీర్తనో! అందులో నాలుగు గుంపులు ఉన్నాయి. ఎడారిలో దారి తప్పినవారు, చెరలో ఉన్నవారు, జబ్బుపడినవారు, సముద్రంలో తుపానుకు చిక్కినవారు. ప్రతి గుంపూ మొదట మొరపెట్టింది. స్తుతించమన్న పిలుపు ఆ తరువాతే, నాలుగుసార్లు వస్తుంది. మేము మా జనానికి మొరపెట్టే భాగం విడిచిపెట్టి, చివరి భాగం మాత్రమే అప్పగించాము.

లేవీయకాండము 7వ అధ్యాయములో మరొక సంగతి దొరికింది. కృతజ్ఞతా బలి మాంసాన్ని ఆ రోజే తినాలి, ఉదయానికి ఏమీ మిగల్చకూడదు. ఒక ఇంటివారు మొత్తం జంతువును ఒక్క రోజులో తినగలరా? తప్పక పొరుగువారిని పిలవవలసిందే. అంటే ఆ అర్పణ దాచుకోవడానికి వీలు లేకుండా దేవుడే ఏర్పాటు చేశాడన్నమాట. వేదాంత విద్య చదివే రోజులలో తెలుసుకున్న విషయం కూడా అప్పుడు జ్ఞాపకం వచ్చింది. జాన్ వెస్లీగారు 1737 ఆగస్టు 8న, అమెరికాలోని సవానాలో, జర్మను విశ్వాసులతో ప్రేమవిందులో కూర్చున్నారు. తరువాత మెథడిస్టులు దానిని తమ ఆచారంగా చేసుకున్నారు. రొట్టె, మంచినీళ్ళు, అంతే. రెండు పిడుల గిన్నె చేతులు మారేది, సాక్ష్యాలు చెప్పుకొనేవారు, బీదల కొరకు కానుక పట్టేవారు. అది ప్రభురాత్రి భోజన సంస్కారం కాదు. అందరూ కలిసి కూర్చొని వందనాలు చెప్పుకొనే సామాన్యమైన విందు.

తెల్లవారి ఇద్దరు సంఘ పెద్దలతో కూర్చొని మాట్లాడుకున్నాము. రెండవ రోజు సాయంత్రం మైకు తీయించివేశాము. షామియానా ద్వారం దగ్గర ఒక గంపలో బియ్యం పోసి పెట్టాము. అవి వంటశాల బియ్యమే. ఎవరూ ఇంటినుండి తేనక్కరలేదు. ఒక్కొక్కరు గుప్పెడు తీసికొని, మధ్యలో ఉన్న గుండిగలో పోయాలి. పోస్తూ ఒక్క వాక్యం చెప్పవచ్చు, ఊరకుండవచ్చు. వందనమైతే, అక్కడ కూర్చున్న వారిలో ఎవరో ఒకరి ద్వారా దేవుడు చేసిన మేలునే చెప్పాలి. ఉద్యోగాలు, డాబాలు ఇంటి ప్రార్థనలో చెప్పుకొనవచ్చునన్నాము. దానికి జనమంతా "ప్రభువుకు స్తోత్రం" అనాలి. బాధ ఉంటే బాధే చెప్పవచ్చు. దానికి జనం "ఆలకించు ప్రభువా" అనాలి. ఆ రెండే జవాబులు, చదువురానివారికీ నోటికి వచ్చేవి.

ఒక పెద్దాయనకు సందేహం వచ్చింది. "అయ్యగారూ, సంక్రాంతి వెళ్ళి వారం కాలేదు, ఇది పొంగలిలాగా ఉందేమో?" అన్నారు. కాదనలేక బెల్లం మానుకొని, పెసరపప్పు వేసి పులగం చేద్దామన్నాము. గోంగూర పచ్చడి అనగానే ఆయన సందేహం తీరింది.

పిల్లలు ముందు వచ్చారు. ఒక పిల్లవాడు తన పుస్తకాలు తడిసిపోతే పక్కింటి అక్క నోట్సు రాసి ఇచ్చిందని చెప్పాడు. ఆ అక్క సిగ్గుతో తల వంచుకుంది. ముందురోజు డాబా గురించి చెప్పిన సహోదరుడు, తుపాను రాత్రి తన గేదెలను వరద నీళ్ళలోనుండి తోలుకొని వచ్చిన కుర్రవాని పేరు చెప్పాడు. ఆ కుర్రవాడు వెనుక వరుసలో ఉన్నాడు. వానికి ఎవరూ అంతవరకు కృతజ్ఞత చెప్పలేదని అప్పుడే తెలిసింది. ఒక వృద్ధుడు కౌలు అప్పు అని ఒక్క మాట మాత్రమే అన్నాడు. "ఆలకించు ప్రభువా" అని 120 గొంతులు పలికాయి. ఆ సాయంత్రం మేము చేసిన ప్రసంగం ఎవరికైనా గుర్తుందో లేదో గాని, ఆ మూలుగు మాకు గుర్తుంది.

ఆ చెల్లెలు చివరన వచ్చింది. బియ్యం పోసింది. ఏమీ చెప్పలేదు. మాట లేనప్పుడు ఏ జవాబు ఇవ్వాలో మేము ముందుగా చెప్పి ఉండలేదు. జనం తికమకపడ్డారు. అప్పుడు ముందు కూర్చున్న ముసలవ్వ ఒకతె "ఆలకించు నాయనా" అన్నది, తరువాత అందరూ అన్నారు. చెల్లెలు తన చాప మీదికి వెళ్ళి కూర్చుంది. లేచి వెళ్ళలేదు.

ఇది మీ సంఘంలో చేయాలనుకునేవారికి కొన్ని లెక్కలు. గుప్పెడు బియ్యం 40 గ్రాములు అనుకున్నా, 120 మందివి కలిపి 5 కిలోలు దాటవు. రాత్రి భోజనానికి 12 కిలోలైనా కావాలి గనుక, తక్కువపడే బియ్యం, పప్పు వంటవారు ముందుగానే సిద్ధం చేసికొనాలి. గాడిపొయ్యి కూటస్థలానికి దగ్గరగా ఉంటే, గుండిగను అందరూ చూస్తుండగానే పొయ్యి మీదికి ఎక్కించవచ్చు. పొగ మాత్రం స్త్రీలు కూర్చున్న వైపు రాకుండా చూడండి, మాకు అదొక మాట పడింది. ఏమీ మిగల్చకూడదని బడి వాచ్‌మన్ కుటుంబాన్ని, పక్కన కోసిన చేలలో బాతులు మేపుకొనే మూడు కుటుంబాలను పిలిచాము. వారు మొదట మొగమాటపడ్డారు. తరువాత బాతు గుడ్లు తెచ్చి ఇచ్చారు. పప్పు సరిపోలేదు, గుడ్లు సరిపోయాయి.

2025 జనవరిలో కూడా అలాగే చేశాము. ఈసారి ఎవరూ మైకు అడగలేదు. గోంగూర పచ్చడి బాధ్యత ఆ చెల్లెలు తీసికొన్నది. కారం కొంచెం ఎక్కువైంది.