పేకాట తోటలు దాటి ఫోన్‌లోకి వెళ్లింది: పల్నాడు కలెక్టర్, ఎస్పీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పల్నాడు జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా ఎస్పీ గారికి,

మామిడి తోటలోనో, ఊరవతల షెడ్డులోనో పేకాడుతున్నవాళ్లను పోలీసులు పట్టుకున్నారని, ఇన్ని వేల నగదు, ఇన్ని ఫోన్లు స్వాధీనం చేసుకున్నారని పేపర్లో తరచూ చదువుతుంటాం. ఆ ఫోన్లను బల్ల మీద వరసగా పేర్చి ఫొటో తీయిస్తారు. కొంపలు కూల్చే ఆట ఇప్పుడు ఆ ఫోన్లలోనే సాగుతోంది. నరసరావుపేటలో, మాచర్లలో, గురజాలలో ఇంట్లోవాళ్లంతా నిద్రపోయాక దుప్పటి ముసుగులో ఒక్కడే ఆడే ఆట అది. ఇళ్ల మీద దాడులు చేయమని నేను అడగడం లేదు. అందులో చిక్కుకున్నవాడు భయం లేకుండా మీ దగ్గరికి రాగలిగే దారి వేయమని అడుగుతున్నాను.

పల్నాడుకు పేకాట కొత్త కాదు. పెళ్లివారింట ముహూర్తం దాకా మేలుకోవడానికి, సంక్రాంతి మూడు రోజులూ, మిరప కోతలయ్యాక పనిలేని మధ్యాహ్నాల్లో పదమూడు ముక్కల రమ్మీ ఆడుతూనే వచ్చారు. అందులో పొలాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు కాబట్టి ఆ ఆటను నేను వెనకేసుకు రాను. కానీ దానికి కొన్ని కట్లు ఉండేవి. నలుగురు కుదిరితేనే ఆట. ముక్కలు కలిపి పంచడానికే కొంత సేపు పట్టేది. జేబులో నోట్లు అయిపోతే లేవాల్సిందే. అప్పడిగితే పక్కవాడే, "ఇక చాల్లే బావా, ఇంటికి పో" అనేవాడు. తెల్లారేసరికి భార్యో, తల్లో వెతుక్కుంటూ వచ్చి గుమ్మంలో నిలబడేది. పోయిన డబ్బు ఎవరి జేబులోకి చేరిందో ఊరందరికీ తెలిసేది.

పందెం వల్ల రాజ్యమే విడిచిపోవాల్సి వచ్చిన కథ మన నేలది. కోడిపందెంలో ఓడి మాచర్ల రాజు మలిదేవుడు, మంత్రి బ్రహ్మనాయుడు తమవాళ్లతో ఏడేళ్లు మాచర్ల వదిలి వెళ్లారు. చివరికది కారంపూడి యుద్ధం దాకా వచ్చింది. ఆ పందెమైనా జనమంతా చూస్తుండగా జరిగింది. ఓడినవాళ్ల వెంట నడిచినవాళ్లు ఉన్నారు. ఇవాళ ఫోన్‌లో ఓడినవాడి సంగతి పక్క మంచం మీద పడుకున్న మనిషికి కూడా తెలియదు.

ఫోన్‌లో ఆ పాత కట్లేవీ లేవు. మిర్చి అమ్మిన డబ్బు, పత్తి అమ్మిన డబ్బు బ్యాంకు ఖాతాలో ఉంటుంది, ఆ ఖాతా ఫోన్‌లోనే ఉంటుంది. ఖాతా ఖాళీ అయితే అప్పిచ్చే యాప్ కూడా ఆ ఫోన్‌లోనే ఉంటుంది. ఇక ఆట నడిపేవాడి వాటా సంగతి. లెక్క కోసం ఆరుగురు తలా వెయ్యి రూపాయలతో కూర్చున్నారనుకుందాం. ఆటకు మనిషికి 50 చొప్పున బల్ల మీద పడేది 300. అందులో నడిపేవాడు పది శాతం, అంటే 30 తీసుకుంటాడనుకుందాం. 200 ఆటలయ్యేసరికి అతనికి చేరేది 6,000. ఆరుగురూ తెచ్చుకున్న మొత్తమే అది. ఇంట్లో ముక్కలు పంచుకుంటూ 200 ఆటలు ఆడాలంటే ఎన్నో రాత్రులు కావాలి. ఫోన్‌లో ఆటకు మూడు నిమిషాలు వేసుకున్నా పది గంటల్లో అయిపోతుంది. ఎవరూ మోసం చేయకపోయినా, ఆరుగురూ సమానమైన నేర్పరులైనా, ఆడుతూ పోతే సొమ్మంతా చేరేది నడిపేవాడికే.

ఫోన్‌లో రమ్మీయే కాదు, పోకరూ ఉంది. మూడు ముక్కలాటలో ముక్కలు చూడకుండా బ్లైండ్ ఆడటం తెలిసిన కుర్రాడికి ఆ పోకర్ గది పరాయిగా అనిపించదు. కానీ ఎదుటివాడి ముఖం చూసి బ్లఫ్ పసిగట్టే వీలు అక్కడ లేదు. అవతల ఆడుతున్నది మనిషో కంప్యూటర్ ప్రోగ్రామో తేల్చుకునే వీలూ లేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఫేస్‌బుక్ పరిశోధకులు తయారుచేసిన ప్లూరిబస్ అనే ప్రోగ్రామ్ ఆరుగురు కూర్చునే పోకర్‌లో ఆరితేరిన వృత్తి ఆటగాళ్లనే 2019లో ఓడించింది.

ఇంటి బల్లల మీది పోకర్ ఆన్‌లైన్ గదుల్లోకి మళ్లడంలో అమెరికా మనకంటే ముందుంది. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ కొద్ది డాలర్లతో ఆన్‌లైన్‌లో ఆడి అర్హత సంపాదించి, ప్రపంచ పోకర్ పోటీలో 25 లక్షల డాలర్లు గెలిచాడు. అతన్ని చూసి ఎందరో ఆ గదుల్లోకి వెళ్లారు. 2011 ఏప్రిల్ 15న అక్కడి ప్రభుత్వం పెద్ద సైట్ల మీద చర్య తీసుకుంది. ఫుల్ టిల్ట్ పోకర్ అనే సైటు దగ్గర ఆటగాళ్ల డబ్బు తిరిగివ్వడానికి సరిపడా సొమ్మే లేదని తర్వాత తేలింది. గెలిచిన ఒక్కడి కథ ప్రపంచమంతా తిరిగింది. డబ్బు చిక్కుకుపోయినవాళ్ల పేర్లు ఎవరికి గుర్తున్నాయి?

రమ్మీ నేర్పుతో ఆడే ఆటేనని సుప్రీంకోర్టే చెప్పిందని కంపెనీలు అంటూ వచ్చాయి. ఆ తీర్పు వచ్చింది తెలుగు నేల మీది కేసులోనే. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో పేకాడినవాళ్ల మీద పెట్టిన కేసది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి రమ్మీలో నేర్పు పాలే ఎక్కువని 1967 నవంబరులో కోర్టు అంది. ఆట నడిపేవాళ్లు దాని మీద లాభం చేసుకుంటే అది నేరం కావచ్చని కూడా ఆ తీర్పులోనే ఉంది. మొదటి మాట ఊరూరా తిరిగింది, రెండోది మరుగున పడింది.

1974 నాటి గేమింగ్ చట్టాన్ని మన రాష్ట్రం 2020 సెప్టెంబరులో సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. నడిపేవారికి మొదటిసారి ఏడాది, ఆడేవారికి ఆరు నెలల దాకా జైలు అంది. దానికి విరుగుడుగా, ఫోన్ వేరే రాష్ట్రంలో ఉన్నట్టు చూపించే దొంగ యాప్‌లు వచ్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. డబ్బు ఆటలు నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా అంది. ఆడేవారికి మాత్రం ఆ చట్టంలో శిక్ష లేదు. పేరున్న కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి, కొందరు కోర్టుకు వెళ్లారు. అలవాటు పడ్డ చెయ్యి మాత్రం ఆగలేదు. అది ఇప్పుడు టెలిగ్రామ్ లింకులు, విదేశీ సైట్లు వెతుక్కుంటోంది. అక్కడ డబ్బు పోతే అడగడానికి మనిషే ఉండడు.

అయ్యా, చిక్కు ఇక్కడే ఉంది. ఆడేవాడిని పార్లమెంటు చేసిన చట్టం శిక్షించదు, రాష్ట్ర సవరణ మాత్రం నిందితుడిగా నిలబెడుతుంది. భర్త ఫోన్‌లో అప్పుల మెసేజీలు చూసి వణికిపోయే ఇల్లాలు ఈ తేడా ఎక్కడ తెలుసుకుంటుంది? స్టేషన్‌కు వెళితే మొగుణ్ణి లోపల వేస్తారనుకుంటుంది. గాజులు తాకట్టు పెట్టి ఒక అప్పు తీరుస్తుంది. ఇంకోటి మొదలవుతుంది. ఆన్‌లైన్ ఆటల అప్పులు తీర్చలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ల గురించి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చదివాం. చివరి దాకా ఎవరికీ చెప్పుకోలేకపోయినవాళ్లు వాళ్లలో ఉన్నారు.

అందుకే నాలుగు పనులు అడుగుతున్నాను.

సాయం కోసం వచ్చిన ఆటగాడి మీద, అతని కుటుంబం మీద కేసు పెట్టబోమని మీరిద్దరూ కలిసి ప్రకటించండి. మీ అధికారంలో ఉన్నంత మేరకు దాన్ని స్టేషన్లలో అమలు చేయించండి. చట్టం మార్చాల్సిన చోట ప్రభుత్వానికి రాయండి.

జూద వ్యసనం జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలోనే అది ఉంది. ఫోన్, ఇంటర్నెట్ వ్యసనాల కోసం బెంగళూరు నిమ్హాన్స్ 2014లోనే ప్రత్యేక క్లినిక్ తెరిచింది. మాచర్ల మనిషి బెంగళూరు దాకా పోలేడు. నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో వారానికొక రోజు మానసిక వైద్యుణ్ణి కూర్చోబెట్టండి. మానసిక సాయం అందించే టెలి మానస్ నంబరు 14416 ప్రతి ఊళ్లో గోడ మీద కనిపించాలి.

పోలీసులు ఆటగాడిని వదిలి డబ్బు వెంట పడాలి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వచ్చిన ప్రతి ఫిర్యాదులో ఆ సొమ్ము ఎవరి ఖాతాలోకి వెళ్లిందో తేల్చండి. కమీషన్‌కు ఆశపడి తన బ్యాంకు ఖాతాను ముఠాలకు అప్పగించిన కుర్రాడు మన వీధిలోనే ఉండవచ్చు. ఆ పనికి ఏ శిక్ష పడుతుందో కాలేజీల్లో చెప్పించండి.

ఇంట్లో బంగారం తగ్గడం, పొదుపు వాయిదా తప్పడం ముందుగా గమనించేది డ్వాక్రా సంఘాల మహిళలు. వాళ్లకు, గ్రామ సచివాలయ సిబ్బందికి ఈ జబ్బు గుర్తులేమిటో, ఎక్కడికి పంపాలో చెప్పి పెట్టండి. చాటుగా ఆడేవాడి పక్కన ఇక నిలబడగలిగేది వాళ్లే.

వీటిలో మొదటి పనికి నిధులు అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. వచ్చే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూర్చున్నప్పుడే, సాయం కోసం వస్తే కేసు ఉండదని, వైద్యం ఉంటుందని చెప్పండి. మీ ఇద్దరి సంతకాలతో ఆ మాటను ఒక కాగితం మీద రాసి ప్రతి సచివాలయానికి, ప్రతి పోలీస్ స్టేషన్‌కు పంపండి. మిగతా మూడు పనులు నెమ్మదిగా జరిగినా ఓపిక పట్టగలం. ఈ ఒక్కటి మాత్రం ఆలస్యం చేయకండి.

ఇట్లు,
నరసరావుపేట నుంచి,
మీ జిల్లా పౌరుడు