విప్పుటకు వీలులేని వస్తువులు

గడచిన ఒకటి రెండు తరములలో మన యిండ్లలోనికి వచ్చి చేరిన యంత్రములవలన తెలుగు గృహిణికి, రైతునకు, చిరువ్యాపారికి, బిడ్డలను దూరదేశములకు పంపుకొన్న తల్లిదండ్రులకు కలిగిన మేలు సామాన్యమైనది కాదని మొట్టమొదటనే చెప్పవలసియున్నది. తెల్లవారుజామున లేచి రుబ్బురోలు ముందు కూర్చుండి, మినపపప్పు రుబ్బి రుబ్బి భుజములు పడిపోయిన స్త్రీలు ఇప్పటికిని మన నడుమ నున్నారు. మిక్సీ వారి శరీరమునకిచ్చిన విశ్రాంతి యెంతటిదో వారినడిగి తెలిసికొనవలెను. కూరగాయల బండిమీద నుంచిన చిన్న పెట్టె, ఫోనుద్వారా వచ్చిన సొమ్మెంతయో తెలుగులో బిగ్గరగా చెప్పుచుండగా, అక్షరము రాని అమ్మ చిల్లరకై తడుముకొనకుండ బేరము సాగించుకొనుచున్నది, 2016లో యు.పి.ఐ. మొదలైనప్పుడు ఇంత త్వరలో అది సంతబజారులకు పాకునని ఊహించినవారు అరుదు. కన్నులు లేని విద్యార్థి తెరమీది తెలుగు పాఠమును ఫోనుచేతనే చదివించుకొని, ఒకరి సాయమునకై ఎదురుచూడకుండ పరీక్షకు సిద్ధమగుచున్నాడు. వీనిలో ఏ యొక్కదానిని వదలుకొండని చెప్పుటకు నాకు మనసొప్పదు.

కావుననే నా ఫిర్యాదు ఈ వస్తువులను చేసి అమ్మువారిపైనను, ఇష్టము వచ్చినట్లు అమ్మనిచ్చుచున్న చట్టముపైనను. ఒక వస్తువు మన జీవితమునకు ఎంత ఆధారమైనచో, అది చెడిన దినమున మనకు కలుగు నష్టము అంత గాఢమగును. అట్టి వస్తువును బాగుచేయించుకొను మార్గమును అంత సులభముగ నుండవలెను. జరుగుచున్నది దీనికి విరుద్ధము. ఉపయోగము పెరిగినకొలది మరమ్మతు కష్టతరమగుచున్నది. అందులోను చాలభాగము యంత్రస్వభావమువలన వచ్చినది కాదు, తయారీదారులు కోరి తెచ్చిపెట్టినది. పూర్తి వెల చెల్లించి కొన్న వస్తువును విప్పుటకు, తనకు నమ్మకమైన మెకానిక్కుచే విప్పించుటకు, దానికి కావలసిన విడిభాగమును బజారులో కొనుటకు, కొన్నవానికి చట్టబద్ధమైన హక్కు ఉండితీరవలెనని నా దృఢాభిప్రాయము.

మరమ్మతునకు లొంగు యంత్రమెట్లుండునో చూడగోరువారు, ఏ పట్టణములోనైనను మిక్సీలు బాగుచేయు దుకాణము ముందు కొంతసేపు నిలుచున్న చాలును. ఒకామె సంచిలో మిక్సీ పట్టుకొని వచ్చి, మోటారు కాలిపోయినదని దిగులుపడుచుండగా, మెకానిక్కు దానిని బోర్లించి, అడుగుననున్న ఎర్రని బొత్తామును వ్రేలితో నొక్కి, మరల తిరుగుచున్న యంత్రమును ఆమె చేతికిచ్చి, డబ్బు పుచ్చుకొనకుండ పంపివేయును. బరువెక్కువైనప్పుడు మోటారు కాలకుండ విద్యుత్తును నిలిపివేయు ఏర్పాటది. జారు అడుగునుండి పిండి కారుచున్నచో బుష్షు అరిగినదనియు, మోటారు తిరుగుచుండగా బ్లేడు తిరుగక కటకట చప్పుడు వచ్చినచో కప్లరు పండ్లు పోయినవనియు, లోపల నిప్పురవ్వలు రాలుచున్నచో కార్బన్ బ్రష్షులు అరిగిపోయినవనియు అతడు చెవితోను ముక్కుతోను చెప్పగలడు. ఆ మూడు భాగములును అతని సొరుగులోనే యుండును. నాలుగు స్క్రూలు విప్పగనే మార్చవలసిన చోటు చేతికందును. వైండింగు నిజముగ కాలినను, రాగితీగను క్రొత్తగ చుట్టించి మరికొన్నేండ్లు వాడుకొనుట కలదు.

ఈ మిక్సీ మన వంటకు తగినట్లు రూపొందిన వృత్తాంతము కూడ మరమ్మతుతో ముడిపడినదే. బొంబాయిలో ఉద్యోగము చేయుచుండిన ఇంజనీరు సత్యప్రకాశ్ మాథుర్ ఇంట జర్మనీనుండి వచ్చిన మిక్సీ యొకటి మన పప్పుదినుసుల బరువునకు తాళలేక చెడిపోగా, దానిని బాగుచేయగలవారు దేశమున దొరకకపోగా, ఆయన తన భార్య మాధురి కొరకై, గట్టి మోటారుగల యంత్రమును 1960ల దశకములో స్వయముగ రూపొందించెను. సుమీత్ అను పేరుతో అది దేశమంతట వంటయిండ్లకు చేరెను. బాగుచేసికొనుటకు వీలులేని వస్తువు తెచ్చిపెట్టిన ఇక్కట్టు ఒక పరిశ్రమకే జన్మనిచ్చినదన్నమాట.

ఫ్రిజ్జు సంగతి చూడుడు. పాత ఫ్రిజ్జులలో కంప్రెసరు ఒకే వేగమున తిరుగుచు, ఆగుచు నుండెను. అందు తరచుగ చెడునవి రిలేయో, థర్మోస్టాటో. ఆ రెండును సామానుల కొట్టులో దొరకెడివి. ఇన్వర్టరు కంప్రెసరు వచ్చిన పిదప, కావలసిన చల్లదనమునుబట్టి అది తన వేగమును తానే మార్చుకొనుచు కరెంటును ఆదా చేయుచున్నది, చప్పుడును తగ్గినది. ఇది నిస్సందేహముగ ప్రగతియే. అయితే ఆ వేగమును నడుపు ఎలక్ట్రానిక్ బోర్డు, వోల్టేజి హెచ్చుతగ్గులు సర్వసామాన్యమైన మన యూళ్ళలో, ఒక్క ఉరుముల రాత్రికి పాడగుచున్నది. వచ్చిన మెకానిక్కు మూత తీసి చూచి, “బోర్డు పోయిందండీ, మొత్తం మార్చాలి” అనును. పోయినది దానిమీది ఒక కెపాసిటరో, ఒక చిన్న ఫ్యూజో కావచ్చును. దానిని కనిపెట్టుటకు కావలసిన సర్క్యూటు పటమును కంపెనీ అతనికీయదు, బోర్డును బయటివారికి అమ్మదు, కొన్నేండ్లు గడచిన పిదప ఆ మోడలు ఆగిపోయినదని చెప్పి తానును మార్చదు. మా యింట జరిగినది ఇదే. కంప్రెసరు బాగున్నది, గ్యాసు బాగున్నది, తలుపు రబ్బరు సైతము బిగువుగ నున్నది. అరచేయి వెడల్పుగల బోర్డు దొరకక, అంత పెద్ద ఉక్కు బీరువా నిండు ఆయువుతో పాతసామాను బండి యెక్కినది. ఒక ఏడాది విద్యుత్తులో ఆదా చేసినది ఎంతయో, దానిని మరల తయారుచేయుటకు భూమినుండి త్రవ్విన రాగి, కరిగించిన ఉక్కు ఎంతయో కూడికలు తీసివేతలు చేసి చూచినవారు మన ప్రభుత్వములలో ఎవరైన నున్నారా?

ఫోను సంగతి ఇంతకంటె విచారకరము. హైదరాబాదు ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్టులో చిన్న బల్లల వెనుక కూర్చుండి ఫోనులు విప్పు యువకుల హస్తకౌశలము చూచి తీరవలసినది. అంచులకు వేడి పట్టించి, జిగురు మెత్తబడగనే పలుచని ప్లాస్టిక్ రేకును గాజునకును చట్రమునకును నడుమ దూర్చి, ఏమాత్రము చేయి జారినను తెగిపోవు రిబ్బను తీగలను తప్పించుకొనుచు తెరను మెల్లగ లేపుదురు. లోపలి బ్యాటరీని కూడ జిగురుతోనే అంటించియుండుటచే, వంగకుండ, గాటుపడకుండ దానిని పెకలించుట మరియొక పరీక్ష, ఏలయన లిథియం బ్యాటరీకి గాటుపడినచో మంట లేవవచ్చును. ఒకప్పుడు ఫోను వెనుకమూతను గోటితో లేపి బ్యాటరీని మనమే మార్చుకొనెడివారము. బ్యాటరీ శాశ్వతమైనది కాదు. కొన్ని వందల మారులు ఛార్జి ఎక్కి దిగిన పిదప, దాని రసాయనస్వభావముచేతనే శక్తి తరుగును. తరుగునని ముందే తెలిసిన భాగమును తీయరాకుండ అంటించి అమ్ముట అన్యాయమని నేనందును. అంతటితో ఆగక, కొన్ని కంపెనీలు తెరకును బ్యాటరీకిని ప్రత్యేకసంఖ్య నొకదానిని కేటాయించి, దానిని ఫోను బోర్డుతో జతకట్టుచున్నవి. అదే కంపెనీ, అదే మోడలు ఫోనునుండి తీసిన అసలైన తెరనే అమర్చినను, క్రొత్త ఫోను దానిని గుర్తింపక హెచ్చరికలు చూపును, ఒకటి రెండు సదుపాయములను నిలిపివేయును. నిపుణుడైన పనివాని చేతులను ఈ విధముగ సాఫ్టువేరుతో కట్టివేయుట నన్ను మిక్కిలి బాధించుచున్నది.

తెర పగిలినవాని అవస్థ తెర వెలతో ముగియదు. బ్యాంకు పంపు ఓటీపీ ఆ ఫోనులోనే రావలెను. గ్యాసు సిలిండరు తెచ్చిన కుర్రవానికి చెప్పవలసిన అంకెలును అందులోనే రావలెను. కంపెనీవారి సర్వీసు సెంటరు ఉన్న ఊరిలో లేనిచో, జిల్లా కేంద్రమునకు బస్సెక్కి పోవలెను. పోయినచో, ఫోనులోని సమాచారమంతయు చెరిగిపోయినను అభ్యంతరము లేదని ముందుగ సంతకము పెట్టుమందురు. మనుమరాలి మొదటి అడుగులు, గతించిన తండ్రి కంఠస్వరము అందులోనే యున్నవాడు ఆ కాగితముపై ఏ మనసుతో సంతకము చేయును? ఇందాక చెప్పిన అంధవిద్యార్థి ఫోను రెండు వారములు సర్వీసు సెంటరులో పడియున్నచో, రెండు వారములు వాని పుస్తకము మూతపడినట్లే.

కంపెనీలు చెప్పుకొను సమాధానములను కూడ వినవలసియున్నది. నీరు చొరకుండుటకు జిగురు తప్పదని వారందురు. కాని 2014లో వచ్చిన సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్5, వెనుకమూతను చేతితో తీసి బ్యాటరీని మార్చుకొను వీలుండియు, నీటికి తట్టుకొను ఐ.పి.67 ప్రమాణమును పొందినది. కావున ఆ రెండును ఒక ఫోనులో ఇముడవనుట నిలువదు. పలుచదనమును జనులే కోరుచున్నారందురు; అందు కొంత నిజము కలదు. నకిలీ బ్యాటరీలు ప్రాణాపాయకరములనుట ముమ్మాటికిని నిజము. అయితే అసలు సరకు న్యాయమైన వెలకు బహిరంగముగ దొరకనిచోటనే నకిలీ సరకు రాజ్యమేలుచున్నది. జగదీశ్ మార్కెట్టు బల్లమీదకు కంపెనీ బ్యాటరీ నేరుగ వచ్చినచో, ప్రమాదకరమైనదానిని కోరి వేయించుకొను వెర్రివాడెవడు?

మరమ్మతు విద్యకు ద్వారములు తెరచియున్నప్పుడు మనవారు ఎంత యెత్తునకు పోగలరో విజయవాడ ఆటోనగరు చూపుచున్నది. ప్రమాదమున నుజ్జయిన లారీ అక్కడికి వచ్చి, ఇంజను దించువారు, కమానులు సరిచేయువారు, బాడీ కట్టువారు, రంగులద్దువారు ఒక్కొక్కరుగ చేయివేయగా, మరల సరకెత్తుకొని జాతీయ రహదారి యెక్కుచున్నది. లారీ భాగములు బజారులో దొరకుటయు, దాని అమరిక రహస్యము కాకుండుటయు ఇందుకు కారణములు. కార్ల విషయమున ఈ ద్వారము మూసికొనుచుండగా, భారత కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో, విడిభాగములను సాంకేతిక సమాచారమును స్వతంత్రులైన మెకానిక్కులకు అందకుండ చేసిరను కారణమున, 14 కార్ల కంపెనీలపై 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించినది. ఆ ఉత్తర్వు అప్పీళ్ళలో నలిగినమాట వాస్తవమే. అయినను కారునకు అన్వయించిన న్యాయము, అంతకంటె అధికసంఖ్యాకుల చేతిలోనున్న ఫోనునకు, ఫ్రిజ్జునకు అన్వయింపకపోవుటకు హేతువు నాకు గోచరింపదు.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కుపై ఒక సంఘమును నియమించి, వ్యవసాయ పరికరములు, మొబైలు ఫోనులు, గృహోపకరణములు, వాహనములు అను నాలుగు రంగములను ఎంచుకొన్నది. అదే యేడు డిసెంబరు 24న పోర్టలు నొకదానిని ప్రారంభించినది. వస్తువుల మరమ్మతు యోగ్యతకు సూచిక ఎట్లుండవలెనో చెప్పు నివేదిక 2025లో శాఖకు చేరినది. ఇవి మంచి పనులే. కాని పోర్టలులో సర్వీసు సెంటరు చిరునామా దొరకుట వేరు, ఆ బోర్డును అమ్మితీరవలెనని కంపెనీని చట్టము శాసించుట వేరు. ఫ్రాన్సులో స్మార్టుఫోను, ల్యాప్‌టాపు, టీవీ మొదలగువానికి మరమ్మతు యోగ్యతలో పదికి ఎన్ని మార్కులో అమ్మకము చోటనే చూపవలెనను నియమము 2021 జనవరి 1న అమలునకు వచ్చినది. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుండి వర్తించు నియమములనుబట్టి, ఒక ఫోను మోడలు అమ్మకము నిలిచిన పిదపను ఏడేండ్లు దాని ముఖ్య విడిభాగములు లభింపజేయవలెను. 2027 ఫిబ్రవరి 18 నుండి అక్కడ అమ్ము పరికరములలో బ్యాటరీని వినియోగదారుడే తీసి మార్చుకొను వీలుండవలెనను సాధారణ నియమము అమలునకు రానున్నది. ఆ దేశములకు ఫోనులమ్మునవి చాలవరకు మనకమ్ము కంపెనీలే; అక్కడ సాధ్యమైనది ఇక్కడ సాధ్యము కాదని అవి చెప్పజాలవు.

ఇట్టి శాసనము మనకు క్రొత్తదియు కాదు. విద్యుత్తు వినియోగమును తెలుపు నక్షత్రముల గుర్తును 2006లో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ప్రవేశపెట్టగా, క్రమముగ కొన్ని పరికరములకు దానిని తప్పనిసరి చేసిరి, నేడు పల్లెనుండి వచ్చిన గృహిణి సైతము “ఎన్ని స్టార్లు?” అని అడుగక ఫ్రిజ్జు కొనదు. ఆ నక్షత్రముల ప్రక్కనే విడిభాగములు ఎన్నేండ్లు దొరకునో, బోర్డు వెల యెంతయో ముద్రింపవలెనని నియమించినచో, ఆమె రెండవ ప్రశ్నయు అడుగును, కంపెనీలు దానికి జవాబు చెప్పుకొనును.

ఢిల్లీ చట్టమునకై ఎదురుచూడకుండ మన రెండు రాష్ట్రములు చేయదగిన పనియు నొకటి కలదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి విద్యార్థులకును ఉపాధ్యాయులకును కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబులను పంచినది. ఇంత మొత్తమున కొను ప్రభుత్వమునకు ఏ కంపెనీయైనను తల వంచును. తెర, బ్యాటరీ, ఛార్జింగు పోర్టు ఏడేండ్లవరకు ప్రకటించిన వెలకు ఎవరికైనను అమ్మవలెననియు, సర్వీసు పుస్తకమును సర్క్యూటు పటములతో సహా రాష్ట్రములోని ఐ.టి.ఐ.లకు అందజేయవలెననియు టెండరులోనే షరతు విధింపవచ్చును. అప్పుడు ఎలక్ట్రానిక్ మెకానిక్కు కోర్సు చదువుచున్న పిల్లలు కాలము చెల్లిన రేడియో బోర్డులపై కాక, తమ మండలములోని బడిపిల్లల ట్యాబులపైననే పని నేర్చుకొందురు. పగిలిన తెరతో బీరువాలో మూలనపడిన ట్యాబు వారము తిరుగకమునుపే తరగతిగదికి చేరును.