నురగలో ఉన్న సంతోషము



క్రిస్మస్ దగ్గర పడినది. ఇండ్లకు సున్నాలు వేస్తున్నారు, పిల్లలు నక్షత్రాలు కడుతున్నారు, అరిసెల పాకము పొయ్యి మీద ఉన్నది. ఈ సమయంలో ఒక తల్లి నాకు ఉత్తరము వ్రాసింది. పట్నంలో ఉద్యోగము చేస్తున్న ఆమె కుమారుడు పండుగకు వస్తూ షాంపేన్ సీసా తెస్తానన్నాడట. "అది సారాయి కాదమ్మా, ద్రాక్షరసమే. బైబిల్లో ఉన్నదే. పలావులోకి బాగుంటుంది" అన్నాడట. "అయ్యగారూ, తెమ్మనమంటారా, వద్దనమంటారా?" అని ఆమె ప్రశ్న.

ముందుగా ఆ సీసాలో ఏమున్నదో చూద్దాము. షాంపేన్ అనునది ఫ్రాన్సు దేశములో ఒక ప్రాంతము పేరు. అక్కడ పులిసిన ద్రాక్షారసమును సీసాలో పోసి, కొంచెము పంచదార, ఈస్టు కలిపి, బిగించి మరల పులియనిస్తారు. ఈస్టు పంచదారను తిని రెండింటిని పుట్టించును: ఒకటి మత్తు కలిగించు ఆల్కహాలు, రెండవది బొగ్గుపులుసు వాయువు. ఆ వాయువే నురగ. పూర్వము సీసాలు పగిలి గాజు ముక్కలు ఎగురుచుండుట వలన, నేలమాళిగలలో పనివారు ముఖమునకు ఇనుప తొడుగు వేసుకొని పని చేసేవారు. ఇటువంటి పానీయమే మన దేశంలో మహారాష్ట్రలోని నాసిక్ ప్రాంతంలో కూడా తయారవుతున్నది.

అందులో ఆల్కహాలు సుమారు 12 శాతము. 750 మిల్లీలీటర్ల సీసాలో 90 మిల్లీలీటర్ల అసలు మత్తు పదార్థమున్నది. మన దుకాణములలో 180 మిల్లీలీటర్ల క్వార్టరు విస్కీ సీసాలో ఉండేది సుమారు 77 మాత్రమే. సీసా అందముగా ఉన్నది, పేరు గొప్పగా ఉన్నది గాని, లెక్క మాత్రము ఇది.

"బైబిల్లో ఉన్నదే" అన్న మాటకు వద్దాము. ఉన్నది, కాదనను. కానా వివాహములో ప్రభువు నీటిని ద్రాక్షారసముగా మార్చాడు. తిమోతి కడుపు జబ్బు నిమిత్తము కొంచెము పుచ్చుకొమ్మని పౌలు వ్రాశాడు. అయితే సామెతలు 23వ అధ్యాయములో పాము వలె కరచునని హెచ్చరించబడినది కూడ ద్రాక్షారసమే. పేరు చూచి నిర్ణయింపలేము. రోమా 14:21లో పౌలు వేరే కొలత ఇచ్చాడు: నా సహోదరునికి అడ్డము కలుగజేయునది నేను ముట్టకుండుట మంచిది. కాబట్టి సీసాలో ఏమున్నదనే గాక, బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారనేది చూడవలెను.

ఈ మాట నేను ఆలస్యముగా నేర్చుకొన్నాను. సుమారు 15 ఏండ్ల క్రితము నేనున్న గ్రామ సంఘములో కూలిపని చేసుకొను ఒక సహోదరుడు తాగుడు మాని రెండేండ్లయినది. క్రిస్మస్ ఆరాధన తరువాత ఒక ఇంట విందు. ఆ ఇంటివారు జాడీలో ద్రాక్షపండ్లు, పంచదార, ఈస్టు వేసి మూడు వారాలు మూసి ఉంచిన "హోమ్ వైన్" గ్లాసులలో పోశారు. ఆ సహోదరుడు గ్లాసు పట్టుకొని నా వైపు చూచాడు. నా గ్లాసు అప్పటికే సగమైనది. "పరవాలేదు, ద్రాక్షరసమేగా" అన్నాను. అతడు తాగాడు. మరల పోయించుకొన్నాడు.

సంక్రాంతి నాటికి అతని భార్య పిల్లవాణ్ణి చంకన వేసుకొని మా గుమ్మము ముందు నిలిచింది. "అయ్యగారూ, ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు, ప్రార్థన చేయండి" అన్నది. నన్ను ఒక్క మాట అనలేదు. ప్రార్థన చేశాను గాని, "పరవాలేదు" అన్నది నేనేనని ఆమెకు తెలుసో లేదో అడుగలేకపోయాను. అతడు మరల నిలబడుటకు మూడేండ్లు పట్టింది. ఈలోగా ఉన్న ఒక్క పాడిగేదె అమ్ముడుపోయింది, పెద్దపిల్ల బడి మానింది. ఆ విందు నేటికీ నా మనస్సాక్షి మీద ఉన్నది. లైసెన్సు లేకుండ ఇంట మద్యము కాచుట చట్టరీత్యా నేరమన్న సంగతి కూడ అప్పుడు మాలో ఎవరమూ తలంచలేదు.

మన తల్లులకు ఇది తెలియనిది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయి దుకాణమును మూయించారు. ఆ ఉద్యమమే పెరిగి 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారాయి నిషేధము తెచ్చినది. పస్తులున్నవారే లేచి నిలిచారు.

మరి పండుగకు నురగ వద్దా? వద్దననేల! మత్తు లేని నురగను మనకిచ్చినది ఒక సంఘ కాపరియే. 1767లో ఇంగ్లండులోని లీడ్స్ పట్టణములో పరిచర్య చేసిన జోసెఫ్ ప్రీస్ట్లీ, తన ఇంటి ప్రక్కనున్న బీరు కర్మాగారములో పులియుచున్న తొట్టి పైన నీళ్ళ గిన్నె వ్రేలాడదీశాడు. పైకి వచ్చు వాయువు నీటిలో కలిసి నీరు చురుక్కుమన్నది. 1772లో ఆ విధానము అచ్చు వేయించాడు. ఆయన వేదాంత అభిప్రాయములతో మనము ఏకీభవింపకపోవచ్చును గాని, మన సోడా అక్కడ నుండి వచ్చినదే. తరువాత సరిగా నూరేండ్లకు, 1872లో, హైరమ్ కాడ్ అను ఆంగ్లేయుడు గోళీ సోడా సీసాకు పేటెంటు పొందాడు.

షాంపేన్ భోజనములో చేయు పని ఏమనగా, దాని పులుపు, నురగ కలిసి నాలుక మీది నూనెను, ఉప్పును కడిగి తరువాతి ముద్దకు సిద్ధపరచును. నిమ్మకాయ సోడా అదే పని చేయును. కోడి పలావులోకి ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి వేసిన నిమ్మ సోడా ఇవ్వండి. షుగరు ఉన్నవారికి పంచదార లేకుండ, బి.పి. ఉన్నవారికి ఉప్పు తగ్గించి ఇవ్వండి. మాంసము కూర బాగా కారమైతే మాత్రము సోడా మంటను పెంచును. అప్పుడు అల్లము, కరివేపాకు వేసిన పలుచని మజ్జిగ మంచిది. కేకు, గులాబీ పువ్వులు, అరిసెలలోకి పంచదార తగ్గించిన అల్లము టీ చాలును. తీపి మీద తీపి వెగటు పుట్టించును.

అందరు కలిసి గ్లాసులెత్తుటకు ఇది చేయండి. పావుకిలో ఎండు నల్లద్రాక్షను లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, ఉదయము అదే నీటిలో 20 నిమిషములు మరిగించి, నలిపి వడకట్టండి. చల్లారిన తరువాత నిమ్మరసము పిండి, వడ్డించునప్పుడు సగము సోడా కలపండి. ఆ రోజే వాడుకొనండి, మూత బిగించి నిలువ ఉంచవద్దు, అదియు పులియును.

అమ్మా, మీ అబ్బాయిని కసరవద్దు. అతడు ప్రేమతోనే తెస్తానన్నాడు. "నాయనా, మన బల్ల దగ్గర కూర్చునే వారిలో ఒక్కరికైనా ఇది ఉరి కాకూడదు. నీవు వచ్చేటప్పుడు సోడాలు పట్టుకొని రా" అని చెప్పండి. కానాలో ప్రభువు ఆ ఇంటికి సిగ్గు కలుగకుండ కాపాడాడు. మన విందు కూడ ఏ ఇంటికీ సిగ్గు తేకుండును గాక.

క్రిస్మస్ ఆనందము మీ గృహములను నింపును గాక. ఆమేన్.