వరి పండే నేలలో బరువు పెరగని పిల్లలు



తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో కృష్ణా కాలువల కింద వరి పండుతుంది. కోతలయ్యాక అదే చేలో మినుము, పెసర వేస్తారు. నిజాంపట్నం, సూర్యలంక తీరాన చేపలు దొరుకుతాయి. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకు తగిన ఎత్తు లేరు. సుమారు 30 మంది తగిన బరువు లేరు. ఆరు నెలలు దాటిన వారిలో నూటికి 63 మందికి రక్తహీనత ఉంది.

పేదరికం ఇందుకు పెద్ద కారణమే గాని, అదొక్కటే కాదని మా అభిప్రాయం.

మొదటిది తల్లి వయసు. అదే సర్వేలో 20-24 ఏళ్ళ స్త్రీలలో నూటికి 29 మందికి 18 నిండకముందే పెళ్ళయింది. తానే ఇంకా ఎదుగుతూ, రక్తం తక్కువగా ఉన్న అమ్మాయికి రెండున్నర కిలోలకన్నా తక్కువ బరువున్న బిడ్డ పుట్టే ప్రమాదం ఎక్కువ. ఏడాది తిరక్కుండా మళ్ళీ నెల తప్పితే ఒళ్ళో బిడ్డకూ, కడుపులో బిడ్డకూ నష్టమే.

రెండవది గిన్నె. ఆరు నెలల వరకు తల్లిపాలు చాలు, మంచినీళ్ళు కూడా అక్కరలేదు. ఆరు నిండగానే పాలతోపాటు మెత్తని ఆహారం పెట్టాలి. పళ్ళు రాలేదని కొందరు ఏడాది వరకు ఆపుతారు. పెట్టినా పప్పుతేట, చారన్నం, టీలో ముంచిన బిస్కట్టు. గుడ్డు వేడి చేస్తుందంటారు. మెదిపిన పప్పన్నంలో చెంచాడు నూనె, ఆకుకూర, ఉడికిన గుడ్డు, ముల్లు తీసిన చేప పెట్టండి. అంగన్‌వాడీ బాలామృతం పసిబిడ్డకే ఉంచండి.

మూడవది విరేచనాలు. అప్పుడు లంఖణం పెట్టకూడదు. ఓ.ఆర్.ఎస్., డాక్టరు చెప్పిన జింకు ఇస్తూ పాలు, తిండి కొనసాగించాలి.

బిడ్డ చిక్కిపోతే అందరూ తల్లిని నిందిస్తారు. ఇది అన్యాయం. చాలా ఇళ్ళలో ఏం వండాలో, ఏం కొనాలో, మళ్ళీ కాన్పు ఎప్పుడో ఆమె చేతిలో లేదు. ఆమె ఒక్కదానికే ఆరోగ్యబోధ చేసి పంపితే ఇంట్లో ఏమీ మారదు. కనుక టీకాలకు వచ్చేటప్పుడు నాయనమ్మలూ, తండ్రులూ కూడా రండి. మేము చెప్పేది మీరూ వినండి.

సంఘ పెద్దలకూ, పాస్టరుగార్లకూ ఒక మనవి. వయసు రుజువు చూడకుండా పెళ్ళి జరిపించకండి. 18 నిండని ఆడపిల్ల పెళ్ళి చట్టరీత్యా నేరం. అక్కడ మీరు కాదంటే, రేపు పుట్టబోయే బిడ్డకు కూడా మేలు చేసినవారవుతారు.

ప్రతి నెలా బిడ్డ బరువు తూయించండి. ఆరు నెలలు దాటిన బిడ్డ జబ్బ చుట్టుకొలత పదకొండున్నర సెంటీమీటర్లకన్నా తక్కువుంటే, నవ్వుతూ ఆడుతున్నా సరే, ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి.

నర్సింగ్ సూపరింటెండెంట్